తరగతిలో జీతం, అద్దె, బ్యాంకు: 12 వారాల ప్రాక్టికల్‌కి లెక్కలు ఎలా కట్టాలి?

పలక_బలపం:
30 మంది పిల్లలు, వయసు 11 నుంచి 13. ప్రతి ఒక్కరికీ తరగతిలో ఒక ఉద్యోగం, వారం వారం జీతం, కూర్చునే బల్లకి అద్దె, బ్యాంకు ఖాతా, చివర్లో ఒక రోజు సొంత వ్యాపారం. మొత్తం 12 వారాలు. పాఠంగా చెప్పేది తక్కువ, చేయించేది ఎక్కువ. నాకు తేలాల్సినవి ఇవి: జీతం ఎంత పెట్టాలి, నోట్లు అచ్చువేయాలా పుస్తకంలో పద్దు రాస్తే చాలా, మార్కులకీ నడవడికకీ డబ్బు ఇవ్వొచ్చా, ఏ ఉద్యోగం ఎవరికివ్వాలి. కాస్త అంకెలతో చెప్పండి.

చిట్టా_ఆవర్జా:
జీతం దగ్గర మొదలుపెట్టకండి. వారానికి మీ ఖజానా నుంచి ఎన్ని టోకెన్లు పోతున్నాయి, ఎన్ని తిరిగొస్తున్నాయి, ముందు ఈ రెండూ కాగితం మీద పెట్టండి. సగటు జీతం 50 అయితే 30 మందికి 1500 పోతాయి. బల్ల అద్దె 20, పన్ను 5, బీమా 4 చొప్పున తలకి 29, అంటే మొత్తం 870 తిరిగొస్తాయి. మిగిలిన 630లో ఒక 390 దాకా స్టోరు (పిల్లలు టోకెన్లతో కొనుక్కునే తరగతి దుకాణం) లాగాలి. అలా చేస్తే పిల్లల దగ్గర వారానికి 240 పోగవుతుంది, తలకి 8. 12 వారాలకి 96, అంటే రెండు వారాల జీతానికి కాస్త తక్కువ. దాచుకున్నదేదో ఉందని తెలుస్తుంది, స్టోరు ధరలు మాత్రం చిల్లరగా అనిపించవు.

చాలాచోట్ల బోల్తా కొట్టేది ఇక్కడే. జీతం ఉదారంగా, అద్దె నామమాత్రంగా పెడతారు. నెల తిరిగేసరికి అందరి ఖాతాల్లోనూ వందలుంటాయి. ఇక 50 టోకెన్ల కోసం బోర్డు తుడిచే నాథుడుండడు. అప్పుడు ఉన్నపళంగా ధరలు పెంచితే పిల్లలు మోసం అంటారు, వాళ్ల మాటా నిజమే. పాత ధరలు కదపకుండా 80, 120 టోకెన్ల పెద్ద వస్తువులు రెండు మూడు కొత్తగా పెట్టండి. మిగులు వాటంతట అదే కరుగుతుంది.

దీనికి ఎదురు జబ్బు కూడా ఉంది. 1970ల్లో వాషింగ్టన్‌లో సుమారు 150 జంటలు ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకునేందుకు కూపన్లు పెట్టుకున్నారు, కూపన్‌కి అరగంట. ఎందుకైనా మంచిదని అందరూ కూపన్లు దాచడం మొదలుపెట్టారు. బయటికెళ్లేవాళ్లు తగ్గారు, దాంతో కొత్తగా కూపన్ సంపాదించే దారీ మూసుకుపోయింది. అదనంగా కూపన్లు పంచాకగానీ వ్యవహారం కదల్లేదు. తర్వాత మరీ ఎక్కువ పంచి ఇంకో చిక్కు తెచ్చుకున్నారనుకోండి. మీ స్టోరు వరసగా రెండు వారాలు బోసిపోతే ఇదే జరుగుతోందని పట్టుకోండి. ఒక వారం అద్దె సగం చేసి చూడండి.

నోట్లు వద్దు. జిరాక్స్ తీస్తారు, పోగొట్టుకుంటారు, ఒకరి సంచిలోవి ఇంకొకరి సంచిలోకి పోతాయి, తర్వాత మీ పీరియడంతా పంచాయితీకే సరిపోతుంది. పిల్లల దగ్గర పాస్‌బుక్, బ్యాంకు దగ్గర లెడ్జరు (అందరి పద్దులూ ఉండే పుస్తకం) చాలు. 6 నుంచి 8 ఏళ్ల వాళ్లకి మాత్రం చేతిలో పట్టుకునే బిళ్లలే ఉండాలి. పుస్తకంలో రాసిన అంకె వాళ్లకి డబ్బుగా తోచదు. జీతం కూడా ఏ రోజుకారోజు ఇవ్వాలి.

కొలబద్ద:
మార్కులకి డబ్బు ఇవ్వకండి. చదివినందుకు, హోంవర్కు చేసినందుకు కూడా వద్దు. 1973లో చిన్నపిల్లల మీద చేసిన ఒక ప్రయోగం దీనికి బాగా పేరున్నది. బొమ్మలేయడం ఇష్టమైన పిల్లలకి ‘బొమ్మేస్తే బహుమతి’ అని ముందే చెప్పి వేయించారు. తర్వాత బహుమతి లేనప్పుడు వాళ్లు బొమ్మలమీద పెట్టే సమయం తగ్గిపోయింది. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు. జీతం ఉద్యోగానికే ఉండాలి. చదువు ఆ లెక్కల్లోకి రాకూడదు.

నడవడికకి జరిమానా ఇంకా ప్రమాదం. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరం డే కేర్ కేంద్రాల్లో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి జరిమానా పెడితే ఆలస్యాలు పెరిగాయి, ఎత్తేశాక కూడా తగ్గలేదు. 2000లో అచ్చయిన పరిశోధన అది. జరిమానాని జనం తప్పుకి ధరగా లెక్కేసుకున్నారు. తరగతిలోనూ అంతే: అల్లరికి 10 టోకెన్లు అని బోర్డుమీద రాస్తే, జీతం బాగా వచ్చేవాడు కట్టేసి మరీ అల్లరి చేస్తాడు.

ఇంకొకటి. బాత్రూమ్‌కి వెళ్లే అనుమతి, మంచినీళ్లు, ఆటల పీరియడు, ఇవి స్టోరులో పెట్టకండి. హక్కుని అమ్మితే అప్పులో ఉన్న పిల్లాడి పరిస్థితి ఏమిటి? వారం పాటు నచ్చిన చోట కూర్చోవడం, చదివే కథని ఎంచుకోవడం, టీచర్ కుర్చీలో ఒక పీరియడు, ఇలాంటివి పెట్టండి. మీకు ఖర్చూ ఉండదు, వాళ్లకి మోజూ ఉంటుంది.

మధ్యబెంచి:
కొలబద్ద గారూ, జరిమానా అసలు వద్దంటే ఒప్పుకోను. నడవడికకి వద్దు, సరే. అద్దె ఆలస్యమైతే 2 టోకెన్లు, బ్యాంకరు పద్దు తప్పు రాస్తే 1, ఇవి ఉండాలి. బయట ప్రపంచంలో గడువు దాటితే రుసుము ఉంటుంది కదా.

కొలబద్ద:
అది ఒప్పందంలో ముందే రాసుకున్న రుసుము, దాంతో పేచీ లేదు. మొదటి రోజే ఒప్పంద పత్రం మీద సంతకం చేయించండి. సంతకానికి ముందు చదివారో లేదో తెలియాలంటే, ఎవరైనా అభ్యంతరం చెప్పాల్సిన వాక్యం ఒకటి అందులో ఇరికించండి. ‘అద్దె ఎప్పుడైనా చెప్పకుండా పెంచవచ్చు’ లాంటిది. అడిగినవాళ్ల కాగితంలో దాన్ని కొట్టేయండి. మిగతావాళ్లకి మర్నాడు 5 పెంచి, వారం తిరిగేలోగా వాపసు చేయండి.

పనిబడి:
ఉద్యోగాలు మీరు పంచకండి. నోటీసు, దరఖాస్తు, ఇంటర్వ్యూ మొత్తం నడపండి, వృత్తి సంగతులు నేర్చుకునేది అక్కడే. నోటీసులో పని ఏమిటి, రోజుకి ఎన్ని నిమిషాలు, జీతం, ఎవరికి జవాబు చెప్పాలి, ఈ నాలుగూ ఉండాలి. దరఖాస్తు అరపేజీ దాటకూడదు. అందులో ‘ఈ పని మీరు చేయగలరని చూపే ఒక సంఘటన’ అన్న గడి తప్పనిసరి. లేకపోతే అందరూ ‘నేను కష్టపడి పనిచేస్తాను’ అనే రాస్తారు.

30 మందిని మీరొక్కరే ఇంటర్వ్యూ చేస్తే రెండు గంటలు దాటుతుంది. తరగతిని సగం చేయండి. 15 మంది ముగ్గురేసి చొప్పున 5 ఇంటర్వ్యూ బోర్డులు, మిగతా 15 మంది అభ్యర్థులు, బోర్డుకి ముగ్గురు. మనిషికి 5 నిమిషాలు, చివర మార్కులకి 5 నిమిషాలు, అంటే 20 నిమిషాలు. తర్వాత తారుమారు. 40 నిమిషాల్లో అయిపోతుంది.

మార్కులు 1 నుంచి 4 వరకే ఇవ్వమనండి. 5 దాకా ఉంటే అందరూ 3 వేసి చేతులు దులుపుకుంటారు. పైగా ఎవరి మార్కు వాళ్లు రాసేదాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ముందే మాట్లాడుకుంటే గట్టిగా మాట్లాడేవాడి మార్కే ముగ్గురిదీ అవుతుంది. స్నేహితుడు ఎదురుగా కూర్చుంటే బోర్డు మారాలి. ఉద్యోగం రాని అభ్యర్థికి ఒక్క వాక్యమైనా కారణం రాసివ్వాలి, ఆ వాక్యం మీరు చదివాకే చేతికివ్వాలి.

బ్యాంకర్లని నలుగురిని పెట్టండి. ఒక్కరే అయితే జీతాల రోజు 30 మంది వరసలో నిలబడతారు, మనిషికి నిమిషం అనుకున్నా అరగంట పోయినట్టే. నలుగురుంటే 8 నిమిషాలు. 4 వారాలకొకసారి ఉద్యోగాలన్నీ మారాలి. ఆడిటర్ కూడా ఒకరుండాలి, కానీ బ్యాంకరుగా చేసినవాళ్లు వెంటనే ఆడిటర్ కాకూడదు. తన పద్దు తనే తనిఖీ చేసుకున్నట్టవుతుంది.

వడ్డీ_మాస్టారు:
అప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. పొదుపు మీద వడ్డీ చూపిస్తే పిల్లలు తలూపి ఊరుకుంటారు, అప్పు మీద చూపిస్తే లేచి కూర్చుంటారు. 100 టోకెన్ల అప్పు, వారానికి 10 శాతం, 4 వాయిదాలు. అప్పిచ్చే బల్లలు రెండు వేయించండి. రెండింటి మీదా బోర్డు ఒకటే: ‘10 శాతం’.

మొదటి బల్లది ఫ్లాట్ వడ్డీ. 100 మీద వారానికి 10 చొప్పున 40, మొత్తం 140, వాయిదా 35. రెండో బల్లలో తగ్గుతున్న అసలు మీదే వడ్డీ. వాయిదా 31.55, మొత్తం సుమారు 126. పట్టిక వాళ్ల చేతే వేయించండి: మొదటి వారం వడ్డీ 10, అసలులోకి 21.55, మిగిలిన అసలు 78.45. రెండో వారం వడ్డీ 7.85, మిగిలేది 54.75. మూడో వారం వడ్డీ 5.48, మిగిలేది 28.68. నాలుగో వారం వడ్డీ 2.87, అసలు తీరిపోయింది. సగం అసలు తీరిపోయాక కూడా ఫ్లాట్ బల్ల 100 మీదే వడ్డీ వసూలు చేస్తోందని ఎవరో ఒకరు తప్పకుండా అరుస్తారు. ఆ అరుపు వచ్చేదాకా మీరు నోరు విప్పకండి.

పొదుపుకి వారానికి 2 శాతం పెడితే 12 వారాలకి 100 కాస్తా బారువడ్డీతో 124, చక్రవడ్డీతో 126.82. తేడా పిల్లల కంటికి ఆనదు. 5 శాతం పెట్టండి: 160కి ఎదురు 179.59. అయితే వడ్డీ కూడా ఖజానా నుంచి పోయేదే, చిట్టా గారి లెక్కకి గండి పడుతుంది. కాబట్టి అందరికీ కాకుండా, 6 వారాలు కదపని డిపాజిట్‌కే ఇవ్వండి. 100 పెడితే 134 చేతికొస్తుంది. మధ్యలో తీస్తే వడ్డీ సున్నా.

72ని వడ్డీ శాతంతో భాగిస్తే రెట్టింపయ్యే కాలం వస్తుందన్న సూత్రం 1494లో అచ్చయిన ఇటలీ గణితవేత్త పచోలీ గ్రంథంలోనే ఉంది. 5 శాతానికి 14.4 అని చెప్తుంది, అసలు లెక్క 14.2. పెద్ద రేట్లకి నమ్మొద్దు. 50 శాతానికి 1.44 అంటుంది, నిజానికి 1.71.

పలక_బలపం:
బీమా 4 అని చిట్టా గారు వేశారు. అది ఎక్కడినుంచి వచ్చిన అంకె?

చిట్టా_ఆవర్జా:
1 నుంచి 10 దాకా రాసిన పది చీటీలు. వారానికొకసారి ప్రతి ఒక్కరూ ఒకటి తీసి, చూసి, మళ్లీ పెట్టెలో వేయాలి. 1 వస్తే ‘బల్ల విరిగింది’, మరమ్మతు 30 టోకెన్లు. పదింట ఒక వంతు కాబట్టి సగటు నష్టం వారానికి 3. బీమా 3కి అమ్మితే నిల్వ మిగలదు, అందుకని 4. 30 మందీ కడితే 120 వస్తుంది, సగటున 90 పోతుంది. కానీ సగటు అనేది ప్రతివారం రాదు. 6 లేదా అంతకంటే ఎక్కువ మందికి 1 వచ్చే అవకాశం సుమారు 7 శాతం, 12 వారాల్లో ఒకసారి రావచ్చు. ఆరుగురికి 180 కావాలి. మొదటి వారానికే బీమా సంస్థ దగ్గర 100 నిల్వ పెట్టి మొదలుపెట్టండి.

బీమా కొనే గడువు చీటీలు తీయడానికి ఒక రోజు ముందే ముగియాలి. చీటీ చూశాక కొనే వీలిస్తే 1 వచ్చినవాళ్లే కొంటారు, సంస్థ ఆ వారమే మూతపడుతుంది. (సరదాకి ఒక వారం అలా నడిపి మూతపడనివ్వడం కూడా మంచి పాఠమే.)

మధ్యబెంచి:
వ్యాపారం రోజు గురించి ఒక హెచ్చరిక. పిల్లలు తమ కష్టానికి ఖరీదు కట్టరు. ఉదాహరణకి బుక్‌మార్కులు. బల్ల అద్దె, పోస్టరు, కత్తెర కిరాయి కలిపి 60. ముడిసరుకు ఒక్కోదానికి 3, అమ్మకం ధర 8. ఒక్కోదాని మీద 5 మిగులుతుంది కాబట్టి 12 అమ్మితే ఖర్చు వచ్చేసినట్టే అంటారు. చేసింది 24, అమ్మింది 18. రాబడి 144. ఖర్చు 60, 24 ముక్కల ముడిసరుకు 72, మొత్తం 132. లాభం 12 అని ఎగిరి గంతేస్తారు. నలుగురు రెండేసి గంటలు కూర్చున్నారు, గంటకి 5 చొప్పున కూలి 40 వేయండి. 28 నష్టం. అమ్ముడుపోని 6 ముక్కల ముడిసరుకు 18 కూడా ఆ లెక్కలోనే మునిగింది, 12 అమ్మితే చాలన్న లెక్కలో అది ఎక్కడా కనపడదు.

ఈ పట్టిక అమ్మకానికి ముందు రోజు వేయిస్తే ధర 8 నుంచి 10కి మారుస్తారు, లేదా 24 బదులు 16 చేస్తారు. అమ్మకం అయ్యాక వేయిస్తే బాధ మాత్రమే మిగులుతుంది.

పనిబడి:
వృత్తుల వైపు ఇంకొక మాట. ఎవరినో పిలిచి ఉపన్యాసం పెట్టించడం కంటే 40 నిమిషాల పని ఇవ్వడం నయం. వచ్చినవాళ్లని తమ పనిలోంచి ఒక చిన్న ముక్క తెమ్మనండి. అకౌంటెంటు అయితే మూడు తప్పులున్న బిల్లు, నర్సు అయితే నాడి కొలిచి చార్టులో రాయడం, డిజైనరు అయితే ఒక పోస్టరు. 25వ నిమిషంలో వచ్చినవాళ్లు మనసు మార్చుకుని కొత్త కోరిక కోరాలి. ఉద్యోగంలో సగం చిరాకు అదే కాబట్టి పిల్లలకి ముందే రుచి తెలియాలి. పని చోటికి తీసుకెళ్తే 15 నిమిషాలకొకసారి ‘ఇప్పుడు ఏం చేస్తున్నారు’ అని రాసే కాగితం ఇవ్వండి. ‘మీ ఉద్యోగం ఏమిటి’ అని అడిగితే అరిగిపోయిన జవాబు వస్తుంది. ‘పోయిన వారం రెండోసారి చేయాల్సి వచ్చిన పని ఏది’ అని అడిగించండి.

పలక_బలపం:
చాలా ఉపయోగపడింది, అందరికీ థాంక్స్. ఇంకో రెండు సందేహాలు. లెడ్జరు, పాస్‌బుక్కులు కలవకపోతే తప్పు ఎలా పట్టాలి? 12వ వారం అందరూ ఉన్నదంతా ఒకేసారి ఖర్చుపెడితే?

చిట్టా_ఆవర్జా:
తేడా 9తో నిశ్శేషంగా పోతే ముందు అంకెలు తారుమారయ్యాయేమో చూడండి. 72ని 27గా రాస్తే తేడా 45. సున్నా జారినా అంతే, 50ని 5 రాస్తే 45. తేడా సరిసంఖ్య అయితే సగం చేసి ఆ మొత్తం ఉన్న పద్దు వెతకండి, జమ వైపు రాయాల్సింది ఖర్చు వైపు పడి ఉంటుంది. రెండూ కాకపోతే ఒక పద్దు పూర్తిగా ఎగిరిపోయి ఉండొచ్చు. వారం వారం సరిచూస్తే 30 పాస్‌బుక్కులకి పావుగంట. మూడు వారాలు వదిలేస్తే ఇక తేలదు.

చివరి వారం తొక్కిసలాట ఖాయం, ఎందుకంటే ఆ తర్వాత టోకెన్‌కి విలువ లేదు. కొత్త అప్పులు 7వ వారంతో ఆపండి, పాతవి 11కి తీరిపోవాలి. 12వ వారం స్టోరు మూసి వేలం పెట్టండి, కనీసం 35 వస్తువులు, ఒకరికి రెండుకు మించి కుదరదు. వేలం జాబితా 9వ వారమే గోడకి అంటించండి. దేనికోసం దాచుకోవాలో అప్పుడే తెలుస్తుంది. 11వ వారం జీతాలు మాత్రం పొరపాటున కూడా పెంచకండి. ఉన్న 35 వస్తువుల మీదకే ఆ డబ్బంతా వచ్చి పడుతుంది.