పక్షుల ఫొటోలకూ సముద్ర తీరానికీ పనికివచ్చే గట్టి ట్రైపాడ్ ఏది?

టెక్కలి పక్షిదారి
నమస్కారం. మాది టెక్కలి. తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకునే కాలంలో వీలైనప్పుడల్లా అక్కడికి వెళ్ళి 150–600 మిల్లీమీటర్ల జూమ్ లెన్సుతో ఫొటోలు తీస్తుంటాను. సెలవు రోజుల్లో సూర్యోదయం కోసం భావనపాడు తీరానికి వెళతాను. కెమెరా, లెన్సు కలిపి మూడు కిలోలకు కాస్త తక్కువ బరువు ఉంటాయి. ఇప్పుడున్న స్టాండు ఎనిమిది కిలోలు మోస్తుందని పెట్టె మీద రాసి ఉన్నా, 600 దగ్గర పెట్టి చూస్తే కొంగ ముక్కు తెర మీద ఒకచోట నిలవడం లేదు. హెడ్‌తో (కెమెరాను పట్టి ఉంచే పై భాగం) కలిపి ఇరవై వేల రూపాయల లోపు, ఏళ్ళ తరబడి వాడుకోగల గట్టి ట్రైపాడ్ కొనాలనుకుంటున్నాను. వాడిన అనుభవం ఉన్న పెద్దలు దయచేసి చెప్పండి.

గంటస్తంభం స్టూడియో
పెట్టె మీద రాసిన బరువును చూసి ట్రైపాడ్ కొనకండి. కాళ్ళు జారిపోకుండా, హెడ్ వాలిపోకుండా ఎంత మోస్తుందో ఆ అంకె చెబుతుందే కానీ, ఎంత బరువు పెడితే వణకకుండా ఉంటుందో చెప్పదు. దానిని కొలవడానికి కంపెనీలన్నీ పాటించే ఉమ్మడి పద్ధతి కూడా ఏదీ లేదు. అందుకే ఒక కంపెనీ ఎనిమిది కిలోల స్టాండు మరో కంపెనీ ఐదు కిలోల స్టాండు కంటే ఎక్కువ ఊగడం మా వృత్తిలో తరచుగా చూస్తుంటాం.

మీరు చూడవలసినది కాలి గొట్టం మందం. అన్నిటికంటే పైనున్న గొట్టం వ్యాసం మీ లెన్సుకు 28 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 32 దొరికితే ఇంకా మంచిది. తరువాత ఒక్కో కాలిలో ఎన్ని సెక్షన్లు (ఒకదానిలోకి ఒకటి దూరే గొట్టాలు) ఉన్నాయో లెక్కపెట్టండి. సెక్షన్ పెరిగినకొద్దీ అడుగున ఉండే గొట్టం సన్నబడుతుంది, గొట్టాన్ని బిగించే లాకు ఒకటి ఎక్కువవుతుంది, మొత్తం బరువు చివరికి ఆ సన్నని గొట్టం మీదే పడుతుంది. బస్సులో తీసుకువెళ్ళడానికి నాలుగు సెక్షన్లవి పొట్టిగా మడుచుకుంటాయన్న మాట నిజమే, కానీ మీ పనికి మూడు సెక్షన్లవే తీసుకోండి.

ఎత్తు విషయంలో చాలామంది సెంటర్ కాలమ్‌ను, అంటే మధ్యలో పైకి లేచే గొట్టాన్ని, కలిపి లెక్క వేస్తారు. ఆ కాలమ్‌ను పైకి లేపితే మూడు కాళ్ళ మీద నిలవవలసిన కెమెరా ఒంటి గొట్టం మీద నిలుస్తుంది. కాబట్టి దానిని లేపకుండానే ఎత్తు సరిపోవాలి. 170 సెంటీమీటర్ల మనిషికి కళ్ళు దాదాపు 158 దగ్గర ఉంటాయి. అందులో హెడ్‌కూ, కెమెరా అడుగు నుంచి వ్యూఫైండర్ వరకూ కలిపి ఇరవై తీసివేస్తే, కాళ్ళు 138 వరకు లేస్తే చాలు. దాని కోసం 170 సెంటీమీటర్ల స్టాండు మోసుకు తిరగనక్కరలేదు.

దుకాణానికి మీ కెమెరా, మీ లెన్సు తీసుకువెళ్ళండి. కాళ్ళు పూర్తిగా చాపి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) పది రెట్లు పెద్దది చేసి, వీధి చివరి బోర్డు అక్షరాల మీద ఫోకస్ పెట్టి, కాలిని వేలితో మెల్లగా తట్టండి. ఆ అక్షరాలు ఎంత త్వరగా నిలకడకు వస్తే ఆ స్టాండు అంత మంచిది. రెండు మూడు స్టాండ్లను వరుసగా ఇలా చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

కళింగపట్నం రేవు
స్టూడియో గారు చెప్పిన లెక్కలకు తీరం సంగతి ఒకటి కలుపుతాను. మన దగ్గర ట్రైపాడ్‌ను పాడుచేసేది బరువు కంటే ఉప్పు, ఇసుక. వంశధార సముద్రంలో కలిసే చోట ఎక్కువగా తీస్తుంటాను కనుక నాకు ఈ విషయం మీద గట్టి అభిప్రాయమే ఉంది. తీరానికి వెళ్ళేవారు తిప్పి బిగించే లాకులున్నవే తీసుకోవాలి. వాటిని చేత్తోనే విప్పి, గొట్టాన్ని పూర్తిగా బయటికి లాగి, మరలలోని ఇసుకను కడిగి, ఆరబెట్టి, కొద్దిగా గ్రీజు రాసి మళ్ళీ బిగించవచ్చు. మీటలాంటి లాకులు వేగంగా పనిచేస్తాయి, బిగిసిందో లేదో చూడగానే తెలుస్తుంది, కానీ వాటి స్క్రూలు, పిన్నులు ఉప్పుగాలికి తుప్పు పడతాయి. అల్యూమినియం గొట్టం మీద కూడా రంగు లేచిన చోట తెల్లని పొడి పడుతుంది.

నీళ్ళ దగ్గర నిలబెట్టేటప్పుడు ముందుగా అడుగు సెక్షన్‌నే చాపండి, అప్పుడు లాకు నీటికి పైన ఉంటుంది. కాళ్ళను ఇసుకలోకి బలంగా నొక్కి దించాకే కెమెరా పెట్టండి. అల వెనక్కి పోయేటప్పుడు కాలి కింది ఇసుకను తోడుకుపోతుంది కనుక, పొడవైన ఎక్స్‌పోజర్‌ను (షట్టర్ ఎక్కువసేపు తెరిచి తీసే ఫొటోను) అల వెళ్ళి స్టాండు కుదురుకున్నాకే మొదలుపెట్టాలి. గాలి ఎక్కువగా ఉంటే మధ్యలోని కొక్కేనికి సంచి తగిలిస్తారు. ఆ సంచి గాలిలో వేలాడితే అదే ఊగుతూ స్టాండును ఊపుతుంది, అందుకని దాని అడుగు నేలకు తగిలేలా ఉంచండి. ఇంటికి రాగానే, బద్ధకించకుండా, మంచినీళ్ళతో కడగండి.

నాగావళి టీచర్
నాది కార్బన్ ఫైబర్ పక్షం. గిట్జో కంపెనీ 1994లో ఈ రకం ట్రైపాడ్‌ను తెచ్చినప్పుడు అది సామాన్యులకు అందేది కాదు. ఇప్పుడు పరిస్థితి మారింది. అదే మందం ఉన్న అల్యూమినియం కంటే తేలిక, వణుకు త్వరగా అణిగిపోతుంది, గొట్టానికి తుప్పు ఉండదు. నేను శిల్పాల ఫొటోల కోసం బస్సుల్లో తిరుగుతాను కనుక బరువు తగ్గితేనే స్టాండు నాతో బయలుదేరుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: రాతికి గట్టిగా తగిలితే అల్యూమినియం సొట్టపోతుంది, కార్బన్ చీలుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. శ్రీముఖలింగం వంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని ఆలయాల్లో ట్రైపాడ్ వేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. విజయనగరం సిరిమానోత్సవం వంటి జనసంద్రంలో మూడు కాళ్ళు చాపడం పక్కవారికి ప్రమాదం. అక్కడికి ఒంటికాలి మోనోపాడ్ తీసుకువెళ్ళడమే మర్యాద.

గంటస్తంభం స్టూడియో
టీచర్ గారి మాట కాదనను. అయితే ఇరవై వేలలో హెడ్ కూడా రావాలన్నారు. సన్నని కార్బన్ కంటే మందమైన అల్యూమినియం మీద ఆ లెన్సు నిలకడగా ఉంటుంది. తేలినీలాపురంలో నడక ఎక్కువ ఉండదు కనుక అర కిలో బరువు పెరిగినా ఇబ్బంది లేదని నా ఉద్దేశం.

గజపతినగరం శ్రీను
హెడ్ గురించి ఎవరూ చెప్పలేదు. పొడవాటి లెన్సును బాల్ హెడ్ (బంతి మీద అన్ని వైపులా తిరిగేది) మీద పెట్టి లాకు వదులు చేస్తే, బరువు ఒక్కసారిగా పక్కకు ఒరిగి వేళ్ళు నలుగుతాయి, లెన్సు కాలికి కొట్టుకుంటుంది. ఎగిరే పక్షులకు గింబల్ హెడ్ (లెన్సును ఉయ్యాలలా సమంగా పట్టి ఉంచేది) తీసుకోండి. లెన్సు కింద బిగించే ప్లేటును ముందుకూ వెనక్కూ జరిపి బరువు సమం చేస్తే, చేయి వదిలినా లెన్సు ఉన్నచోటే ఉంటుంది. కెమెరాను కాకుండా లెన్సు చుట్టూ ఉండే కాలర్‌ను హెడ్‌కు బిగించండి. ప్లేటు ఆర్కా-స్విస్ రకం, అంటే దాదాపు 38 మిల్లీమీటర్ల వెడల్పుది అయితే రేపు హెడ్ మార్చినా పనికివస్తుంది. సూర్యోదయానికి రెండు సెకన్ల టైమరు పెట్టండి, లెన్సులోని, వణుకు తగ్గించే స్టెబిలైజర్‌ను ఆపండి. పాత లెన్సుల్లో కొన్ని కదలని స్టాండు మీద తామే వణుకు పుట్టిస్తాయి.

టెక్కలి పక్షిదారి
అందరికీ కృతజ్ఞతలు. మూడు సెక్షన్లు, 28 మిల్లీమీటర్ల గొట్టం, తిప్పే లాకులు ఉన్న అల్యూమినియం కాళ్ళు తీసుకుంటాను. గింబల్‌ను వేరుగా కొంటాను. దుకాణంలో వేలితో తట్టి చూస్తాను. ఒక్క సందేహం: వేర్వేరు కంపెనీల కాళ్ళు, హెడ్ ఒకదానికొకటి అతుకుతాయా?

గజపతినగరం శ్రీను
అతుకుతాయండి. కాళ్ళ పైన ఉండే మర రెండే కొలతల్లో వస్తుంది: అంగుళంలో పావు వంతు, లేదా ఎనిమిదింట మూడు వంతులు. బరువైన హెడ్‌లకు రెండోది వాడతారు. కొలత కలవకపోతే మధ్యలో వేసే చిన్న ఇత్తడి బుష్ దొరుకుతుంది. కొనేటప్పుడు రబ్బరు పాదాలు, లాకు లోపలి ప్లాస్టిక్ రింగులు విడిగా అమ్ముతారా అని కూడా అడగండి, ముందుగా అరిగిపోయేవి అవే.