రోడోడెండ్రాన్ (గుత్తులుగా పూసే పూల పొద) ఆకులు పసుపు రంగులోకి మారుతున్నాయి, పూలూ లేవు. ఏం చేయాలి?

ప్రశ్న: మొక్క నాటి రెండేళ్లయింది. ఆకులు పసుపుగా మారుతున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. బోరు నీళ్లే పోస్తున్నాను. చలికాలం ముందు కొమ్మలు కత్తిరించాను. ఈ వసంతంలో ఒక్క పువ్వూ రాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మా ఇంట్లో అందరం కలిసి ఈ మొక్కల నర్సరీయే నడుపుతాం. పూలు రాకపోవడానికి కారణం మీ కత్తెరే. వచ్చే వసంతంలో పూసే మొగ్గలు వేసవి చివరికే కొమ్మ కొసన తయారవుతాయి. మీరు కత్తిరించింది వాటినే. మా అమ్మ పూలు వాడిన వారంలోనే ప్రతి గుత్తినీ బొటనవేలితో పక్కకి వంచి విరుస్తుంది. దాని కిందే చిట్టి చిగుళ్లు ఉంటాయి, వాటికి గోరు తగలకూడదు.

ఆకుల సంగతి వేరు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే వేర్లు ఇనుమును తీసుకోలేవు. మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 4.5 నుంచి 6 మధ్య ఉండాలి. వాన నీళ్లు పట్టి పోయండి.

ఇంకొకరు: మాదీ ఇదే గోల. మొదట్లో మట్టి పైన పోసి వేర్లను లోతుగా పూడ్చేశాను, మొక్క చచ్చిపోయింది.

ప్రశ్న అడిగినవారు: గడ్డకట్టే చలిలో ఆకులు చుట్టుకుని వేలాడతాయి. అదీ జబ్బేనా?

జవాబు: కాదండీ, చలికి అది సహజం. వెచ్చబడితే విచ్చుకుంటాయి. మొదలు దగ్గర తవ్వకండి, వేర్లు పైపైనే ఉంటాయి. పైన్ చెట్టు ఆకులు పరచండి చాలు.