న్యూజెర్సీలో ఉండిపోవాలా, అమ్ముకుని పోవాలా? బుర్ర వేడెక్కింది, ఎవరైనా చెప్పండి

ఎడిసన్_వాసి
అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటి నుంచి ఎక్సెల్ ముందు కూచున్నాను, ఇప్పుడు పదకొండున్నర. అన్నం కూడా తినలేదు. ఫిబ్రవరి క్వార్టర్ ప్రాపర్టీ టాక్స్‌కి పొద్దున చెక్కు రాశాను, 3,550 డాలర్లు. ఏడాదికి 14,200. 2003లో ఈ ఇల్లు కొన్నప్పుడు ఇందులో సగం కూడా లేదు. లోను ఎప్పుడో తీరిపోయింది, అయినా నా ఇంట్లో నేనే అద్దెకున్నట్టుంది.

జూన్‌లో రిటైర్ అవుతున్నాను. టెక్సాస్‌లో ఇన్‌కమ్ టాక్స్ లేదు కదా, ఇది అమ్మేసి ఫ్రిస్కో వెళ్తే ఎంత మిగులుతుందో తేలడం లేదు. షీటు ఒకసారి ఏడాదికి 11 వేలు మిగులంటుంది, ఒక్క గడి మారిస్తే 2 వేలు నష్టం అంటుంది. పైగా వెళ్లేవాళ్ల దగ్గర ఎగ్జిట్ టాక్స్ తీసుకుంటారట. సూటిగా చెప్పండి బాబూ, ఉండాలా పోవాలా?

రెండు_ముక్కలు
వయసు? ఆదాయం? 401కె (ఉద్యోగంలో దాచిన రిటైర్‌మెంట్ పొదుపు) ఎంత? ఇవేవీ లేకుండా లెక్కేంటి?

ఫ్రిస్కో_కాకా
అన్నా, నేను 2019ల సౌత్ బ్రన్స్‌విక్ నుంచి ఇక్కడికి వచ్చిన. ఇన్‌కమ్ టాక్స్ లేదు, నిజమే. గానీ ఆ పైసలు ఇంటి మీద తీసుకుంటరు. ఊరిని బట్టి ఇంటి విలువల ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా పడ్తది, కొత్త కాలనీలల్ల ఎంయూడీ టాక్స్ (నీళ్లు, డ్రైనేజీ ఖర్చులకు వేసేది) ఉంటే ఇంకా ఎక్కువ. 65 నిండినంక మంచిగుంటది. స్కూల్ టాక్స్ అంతకంటె పెరగది. 2025 నవంబర్ల ఓటింగ్ అయినంక 65 దాటినోళ్ల ఇంటికి స్కూల్ టాక్స్ లెక్కల 2 లక్షల డాలర్ల విలువ తీసేస్తున్నరు.

ఎవ్వరూ చెప్పని ముచ్చట ఒకటున్నది, వడగండ్లు. ఈ ఆరేండ్లల్ల రెండుసార్లు ఇంటి రూఫ్ మార్పిచ్చిన. మొన్నటిసారి నిమ్మకాయలంత పడ్డయి. బ్యాక్‌యార్డ్‌ల తులసి కుండి పలిగింది, కారు బానెట్ మీద సొట్టలు లెక్కపెడితే నలభై. ఇన్సూరెన్స్‌ల డిడక్టిబుల్ ఇంటి విలువల 2 శాతం, అంటే ముందుగాల 12 వేలు నా జేబుల నుంచే పోయినయ్. ఇది నీ ఎక్సెల్‌ల ఉన్నదా?

లెక్కల_మేష్టారు
న్యూజెర్సీ పెద్దవాళ్లని పిండేస్తుందన్న మాట అందరూ అంటారు, రిటర్న్ ఫారం చదివినవాళ్లు తక్కువ. సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వమిచ్చే పెన్షన్) మీద ఇక్కడ స్టేట్ టాక్స్ లేదు. 62 నిండిన దంపతులు కలిపి రిటర్న్ వేస్తే, మొత్తం ఆదాయం లక్ష డాలర్ల లోపు ఉన్నప్పుడు పెన్షన్, 401కె నుంచి తీసే డబ్బు మీద లక్ష దాకా మినహాయింపు ఉంది. లక్ష దాటితే సగం, 1,25,000 దాటితే పావు. 1,50,000 మీద ఒక్క డాలరు ఎక్కువైనా మొత్తం సున్నా. నాకు తెలిసిన ఒకాయన డిసెంబరు 29న కొన్ని షేర్లు అమ్మి ఆ గీత దాటేశాడు. కొత్త ఏడాది దాకా ఆగి ఉంటే సరిపోయేది.

ఇక 2023లో చేసిన స్టే ఎన్‌జే చట్టం 65 దాటిన ఇంటి యజమానికి ప్రాపర్టీ టాక్స్‌లో సగం, 6,500 డాలర్లకు మించకుండా, తిరిగిస్తామంది. బడ్జెట్‌లో డబ్బు ఎంత పెడతారన్నది ఏటా చూసుకోవాలి. సీనియర్ ఫ్రీజ్, ఆంకర్ అనే ప్రాపర్టీ టాక్స్ సాయాలు వేరే. మూడింటికీ ఇప్పుడు ఒకటే దరఖాస్తు.

పార్సిప్పనీ_రాజు
ఎగ్జిట్ టాక్స్ ఉంది అండీ. 2021లో ఇల్లు అమ్మి నార్త్ కరోలినా వచ్చాను. క్లోజింగ్ రోజునే అమ్మిన ధరలో 2 శాతం పట్టేసుకున్నారు.

లెక్కల_మేష్టారు
రాజు గారూ, అది టాక్స్ కాదు, టాక్స్‌కి ముందస్తు జమ. అసలు చట్టంలో ఎగ్జిట్ టాక్స్ అన్న మాటే లేదు.

పార్సిప్పనీ_రాజు
జేబులోంచి డబ్బు పోతే మా ఊళ్లో దాన్ని టాక్స్ అనే అంటారు.

లెక్కల_మేష్టారు
సరే, అమ్మింది మీరు ఉంటున్న ఇల్లా, అద్దెకిచ్చిందా?

పార్సిప్పనీ_రాజు
చివర్లో నాలుగేళ్లు అద్దెకిచ్చాను. అయితే?

లెక్కల_మేష్టారు
అదీ సంగతి. సొంతంగా ఉంటున్న ఇల్లయితే క్లోజింగ్‌లో జీఐటీ/ఆర్ఈపీ-3 అని ఒక ఫారం ఇస్తారు. అందులో 'ఇది నా ప్రధాన నివాసం' అన్న గడిలో టిక్కు పెడితే పట్టుకోరు, మీరు వేరే స్టేట్‌కి పోతున్నా సరే. దంపతులకి లాభంలో 5 లక్షల దాకా ఫెడరల్ మినహాయింపు ఎలాగూ ఉంది, గత ఐదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో ఉండి ఉంటే చాలు. మీరు తర్వాత నాన్‌రెసిడెంట్ రిటర్న్ వేశారా? తిరిగొచ్చిందా?

పార్సిప్పనీ_రాజు
కొంత వచ్చింది.

రెండు_ముక్కలు
మరి టాక్స్ ఎలా అయింది.

న్యూటౌన్_నివాసి
టెక్సాస్ దాకా ఎందుకండీ, డెలావేర్ నది దాటితే చాలు. పెన్సిల్వేనియాలో రిటైరైనవాళ్ల పెన్షన్ మీద గానీ, 401కె మీద గానీ స్టేట్ టాక్స్ లేదు. నేను ఇప్పటికీ శనివారం మీ ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డుకి వెళ్లి కూరలు తెచ్చుకుంటాను, గంట లోపు డ్రైవ్. ఒక్కటే మెలిక, మనం పోయాక పిల్లలకి వెళ్లే ఆస్తి మీద 4.5 శాతం టాక్స్ ఉంది. న్యూజెర్సీలో పిల్లలకి అది లేదు.

ఫ్రిస్కో_కాకా
నువ్వు నది దాటినంత మాత్రాన మంచు దాటుతదా? ఇక్కడ నిన్న పొద్దుగాల టీషర్ట్ మీద హనుమాన్ గుడికి పోయొచ్చిన.

బ్రిడ్జివాటర్_అక్క
టీషర్ట్ మీద గుడికా :)

తిరిగొచ్చిన_తెలుగు
ఇవన్నీ ఎందుకండీ, విజయవాడ వచ్చేయండి. మేం 2018లో వచ్చేశాం. వంటమనిషి, డ్రైవరు, పనమ్మాయి, ముగ్గురికీ కలిపి మీ ఒక్క క్వార్టర్ టాక్స్ అంత కూడా కాదు. పొద్దున కృష్ణ ఒడ్డున నడక. డాక్టరు ఇంటికొస్తాడు. మీరంతా అక్కడ బిల్లులు కట్టుకుంటూ కూచున్నారు.

రెండు_ముక్కలు
మెడికేర్ (65 దాటినవాళ్ల ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్) ఇండియాలో చెల్లదు. అది కూడా చెప్పండి.

తిరిగొచ్చిన_తెలుగు
చెల్లకపోతే ఏమైంది, ఇక్కడ జేబులోంచి కట్టుకోగలిగేంతే అవుతుంది.

రెండు_ముక్కలు
అందరికీ కాదు.

ఎడిసన్_వాసి
ఎగ్జిట్ టాక్స్ సంగతి తేలింది, మేష్టారు గారికి థాంక్స్. మాకు లాభం నాలుగున్నర లక్షల లోపే. నా వయసు 61. ఆదాయం ఇక్కడ రాయడం ఇష్టం లేదు, మధ్యరకం అనుకోండి. కానీ అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు!

బ్రిడ్జివాటర్_అక్క
అన్నయ్యగారూ, 61 అంటున్నారు. మెడికేర్ 65కి గానీ రాదు. జూన్ నుంచి నాలుగేళ్లు హెల్త్ ఇన్సూరెన్స్ ఎక్కడిది? మార్కెట్‌ప్లేస్‌లో (సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ సైటు) కొనాలంటే 2026లో ఇద్దరి ఆదాయం 84,600 దాటితే ఫెడరల్ సబ్సిడీ లేదు. ఆ వయసులో ఇద్దరికీ పూర్తి ప్రీమియం అంటే మీ ప్రాపర్టీ టాక్స్‌ని మించిపోవచ్చు. మీ షీట్లో ఆ కాలమ్ ఉందా?

ఎడిసన్_వాసి
అది అక్కర్లేదండీ, మా ఆవిడ స్కూల్ నుంచి వస్తుంది కదా.

రెండు_ముక్కలు
ఆవిడ ఉద్యోగం చేస్తున్నారా???

ఎడిసన్_వాసి
అవును, పబ్లిక్ స్కూల్లో మాథ్ టీచరు. ఈ జూన్‌కి 23 ఏళ్లు నిండుతాయి. టెక్సాస్ వెళ్తే మానేస్తుంది, అందుకే రాయలేదు.

లెక్కల_మేష్టారు
అయ్యా! ఇది మొదటి లైన్లో రాయాల్సింది. నా రెండు పేరాలూ దండగ.

బ్రిడ్జివాటర్_అక్క
నేనూ స్కూల్లోనే రిటైరయ్యాను, కాబట్టి చెబుతున్నాను. టీచర్ల పెన్షన్లో 25 ఏళ్ల సర్వీసు నిండితే రిటైరయ్యాక కూడా స్కూల్ ఉద్యోగుల హెల్త్ బెనిఫిట్స్ వస్తాయి, ప్రీమియంలో మన వాటా కొంత ఉండొచ్చు. 23 దగ్గర మానేస్తే ఆ ముక్క పోయినట్టే. రెండేళ్ల కోసం దాన్ని వదులుకుని మీరు ఇన్‌కమ్ టాక్స్‌లో మిగిల్చేది ఎంత? ఆవిడ సర్వీసు లెక్క పెన్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా తీసుకోండి. మధ్యలో లీవులు పెట్టి ఉంటే తేడా రావచ్చు, నాకు ఏడు నెలలు తక్కువొచ్చింది. ప్రసూతి సెలవు అప్పటిది.

ఇంతకీ ఆవిడని అడిగారా?

ఎడిసన్_వాసి
అడిగాను. "రిటైరయ్యేది నువ్వు, నేను కాదు" అంది.

ఫ్రిస్కో_కాకా
వదిన కరెక్ట్ చెప్పింది. రెండేండ్లయినంక రా అన్నా. అప్పటికి నాకు మూడో రూఫ్ పడ్తదేమో.

పార్సిప్పనీ_రాజు
అమ్మేటప్పుడు రియల్టీ ట్రాన్స్‌ఫర్ ఫీజు కూడా ఉంటుంది, మర్చిపోవద్దు. దాన్ని టాక్స్ అనొచ్చో లేదో మేష్టారు చెప్పాలి.

లెక్కల_మేష్టారు
ఫీజు.

ఎడిసన్_వాసి
సర్వీసు కాగితం కోసం మా ఆవిడ రేపు అడుగుతానంది. షీటు మూసేశాను. థాంక్స్ అండీ అందరికీ, పెరుగన్నం తిని పడుకుంటా. డ్రైవ్‌వేలో మంచు పొద్దున చూద్దాం.

శాన్‌హోజే_కొత్త (11 రోజుల తర్వాత)
పాత చర్చ లేపుతున్నందుకు క్షమించండి. మాదీ ఇదే సమస్య, కాలిఫోర్నియా. 1998లో కొన్న ఇల్లు, ప్రాప్ 13 (ఇంటి టాక్స్ పెరుగుదలకి హద్దు పెట్టిన చట్టం) వల్ల టాక్స్ తక్కువే. 55 దాటితే ప్రాప్ 19 కింద ఆ పాత టాక్స్ విలువని వేరే ఇంటికి పట్టుకెళ్లొచ్చు అన్నారు. అది కాలిఫోర్నియా లోపలేనా, నెవాడాకి కూడా పనికొస్తుందా?