అప్‌డేట్: మధ్యాహ్నం పడుకోవడం కొంచెం అలవాటైంది

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, బ్లౌజ్ ఆర్డర్లు తగ్గిపోతాయి, అయినా కాసేపు నడుం వాలిస్తే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది, ఏం చేయాలి అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ధ్యానం నాకు కుదరలేదు. కళ్ళు మూసుకుంటే హుక్కులు కుట్టాల్సిన జాకెట్లే కనిపించాయి. పనికొచ్చింది ఒక అక్క చెప్పిన మాట: విశ్రాంతిని కూడా ఆర్డర్ల పుస్తకంలో రాసుకోమని. ఇప్పుడు రెండు నుంచి మూడున్నర దాకా ఎవరి పనీ రాయను. ఆ టైమ్‌లో మెషిన్ మీద కవర్ వేసేస్తాను. వేయకపోతే "ఒక్క ఫాల్ కుట్టేద్దాం" అని చెయ్యి దానంతటదే పోతుంది. నిద్ర రాకపోయినా లేవను. ఫోన్లో కొత్త నెక్ డిజైన్లు చూడటం కూడా పనేనని మా అమ్మాయి కోప్పడింది, అదీ మానేశాను.

గిల్టీ ఫీలింగ్ పూర్తిగా పోలేదు. మా అత్తగారు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ కనిపిస్తే ఇప్పటికీ లేచి కూర్చుంటాను. (ఆవిడ ఒక్క మాట కూడా అనరు, అదే బాధ.) కానీ మెడ నొప్పి తగ్గింది, కొలతల్లో తికమక కూడా.

అసలు పరీక్ష శ్రావణంలో. వరలక్ష్మీ వ్రతం ముందు వారం అందరికీ అర్జెంటే. ఆ వారం కొత్తవి తీసుకోనని ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఒకరిద్దరు అలిగారు. ఎదురింటావిడ మాత్రం జాకెట్టు గుడ్డ ఈరోజే ఇచ్చి వెళ్ళింది.