భోషాణం మూతకి అతికించిన జిల్లా గెజెటు కాగితం: ఏ ఏటిదో ఎలా తేల్చాలి?

తాళ్లరేవు_పిల్ల:

నమస్కారమండీ. తాళ్లరేవులో మా పాత పెంకుటిల్లు పడగొట్టిస్తున్నాం. అటక మీంచి మా ముత్తాతగారి భోషాణం దింపించాం. నలుగురు మనుషులు పట్టారు, లోపల ఉన్నవి మాత్రం రెండు ఇత్తడి మరచెంబులు, ఒక తాటాకు విసనకర్ర! మూత తెరిస్తే లోపలివైపు పిండి జిగురుతో అతికించిన అచ్చు కాగితం కనబడింది. పైన "గోదావరి జిల్లా గెజె" దాకా ఉంది. సంవత్సరం ఉండాల్సిన మూలని చెదలు తినేశాయి.

చదవగలిగినంత చదివాను. మొదటిది రోడ్డు మీద టోల్‌గేటు వేలంపాట ప్రకటన. పాట తాలూకా బోర్డు ఆఫీసులో మార్చి 5, సోమవారం అని ఉంది. కింద రెండెడ్ల బండి, జట్కా, సవారీ గుర్రం అంటూ వరస, ఎదురుగా 0-2-0, 0-1-6 లాంటి అంకెలు. రెండోది కాకినాడ రేవుది. జెండా కొయ్యకి నల్ల గుండు ఎత్తినప్పుడు ధోనీలు (తెరచాప ఓడలు), సరుకు పడవలు రేవు దాటి వెళ్లకూడదని తండేళ్లకి, అంటే పడవ నడిపే పెద్దలకి, హెచ్చరిక. మూడోది ఉప్పు గురించి. మణుగుకి సుంకం 2-8-0 అనీ, లైసెన్సు లేకుండా చవుడు మట్టి కడిగి ఉప్పు తీస్తే శిక్ష అనీ.

ముత్తాతగారు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఈ కాగితం ఏ ఏటిదో తేలితే ఆయన ఏ కాలంలో ఉన్నారో కాస్తయినా తెలుస్తుంది. ఎలా తేల్చాలో ఎవరైనా చెప్తారా?

నాణేల_పిచ్చి:

ఆ అంకెలు రూపాయి-అణా-పై అండీ. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు, అంటే మన దమ్మిడీలు. 0-1-6 అంటే అణాన్నర. నా దగ్గర విక్టోరియా బొమ్మ ఉన్న కానీలు (పావు అణా నాణేలు) ఓ డబ్బా నిండా ఉన్నాయి, ఇలాంటి నాణేలు చేత్తో పట్టుకుంటే గానీ ఈ లెక్క ఒంటబట్టదు.

మీ కాగితం 1923 అని నా పందెం. మణుగు ఉప్పుకి రూపాయి పావలా ఉన్న పన్నుని ఆ ఏడాది మార్చి 1న ఒక్కసారిగా రెండున్నరకి పెంచారు. ఢిల్లీ శాసనసభ కాదన్నా వైస్రాయి రీడింగు తన అధికారంతో నెగ్గించుకున్నాడు. పైగా కేలెండరు చూశాను, 1923 మార్చి 5 సోమవారమే! ఇంకేం కావాలి?

రిటైర్డ్_డి.టి.:

నాణేలవారూ, పందెం ఓడిపోయారు.

1923 మార్చి 1న వచ్చిన రేటు, మార్చి 5న జరిగే పాటని ముందుగా చాటే కాగితంలోకి ఎలా ఎక్కుతుంది? వేలంపాట ప్రకటన నాలుగు రోజుల ముందు వేస్తే పాడేవాడు ఎక్కడ దొరుకుతాడు, ధరావతు ఎప్పుడు కడతాడు? ఆ మాట పక్కన పెట్టినా, టోలు పట్టికలో మోటారు కారు లేదు. 1923లో గేటు పెట్టి కారుని ఊరికే పోనిస్తారా?

రెండున్నర రేటు ఒక్కసారి వచ్చింది కాదు. మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) 1878లోనే అంత వేశారు. 1882లో రెండు రూపాయలకి దించారు. 1888 జనవరిలో మళ్లీ రెండున్నర. అది 1903 దాకా సాగింది. ఆ తర్వాత తగ్గుతూ 1907 నాటికి రూపాయి అయింది. అంటే మీ కాగితానికి మూడు కిటికీలున్నాయి: 1878–82, 1888–1903, 1923–24. కాగితంలో తాలూకా బోర్డు అని ఉంది గనక మొదటిది పోయింది. తాలూకా బోర్డులు 1884 నాటి లోకల్ బోర్డుల చట్టంతో వచ్చినవి. మూడోది పైనే పోయింది. మిగిలింది 1888–1903.

ఇంకో సంగతి. మణుగు అనగానే మన ఇళ్లలోని మణుగు అనుకోకండి. మనది ఎనిమిది వీశెలు, పాతిక పౌన్లు, అంటే 11 కిలోల పైచిలుకు. సర్కారు ఉప్పు పన్ను కట్టిన మణుగు 82 పౌన్ల పైమాట, దాదాపు 37 కిలోలు. రెండున్నర రూపాయల్ని మన మణుగు మీద పంచితే పన్ను మూడింతలు భారంగా కనిపిస్తుంది. మా తాసీల్దారు ఆఫీసు రికార్డు గదిలో ఓ కుర్రాడు ఇలాగే పొరబడి రెండు రోజులు లెక్కలు కట్టాడు. ఏమాటకామాటే, 37 కిలోల లెక్కన కూడా అది కూలివాడికి తక్కువ బరువేమీ కాదు. చవుడు కడిగి ఉప్పు తీసుకునేవాళ్లని నేరస్థుల్ని చేసింది ఆ పన్నే.

అమ్మాయీ, కాగితం అడుగుభాగం చూశావా? రెవెన్యూ ప్రకటన ఏదైనా ఉంటే ఫసలీ సంవత్సరం, అంటే భూమి శిస్తు లెక్కల ఏడాది, తప్పకుండా వేస్తారు. పీకెయ్యకు మాత్రం. తడి గుడ్డ అసలు పెట్టకు.

పాత_రేవు_మనిషి:

సంవత్సరం లెక్కలు ఆయనకి వదిలేస్తాను. నేను కాకినాడ రేవులో ముప్పైరెండేళ్లు చేశాను, ఆ నల్ల గుండు గురించి రెండు ముక్కలు చెప్తాను.

కాకినాడ దగ్గర సముద్రం లోతు లేదు. గోదావరి తెచ్చిన ఒండ్రంతా అక్కడే పరుచుకుంటుంది. ఆ రోజుల్లో ఓడలు మైళ్ల అవతల లంగరేసేవి. సరుకంతా పడవల్లో అక్కడికి వెళ్లేది, అక్కణ్ణుంచే వచ్చేది. గాలి తిరిగిందంటే పడవవాడు ఒడ్డుకీ ఓడకీ మధ్య ఇరుక్కుంటాడు. అందుకే ఆ హెచ్చరిక ఓడ కెప్టెనుకి కాదు, తండేలుకి. కెప్టెనైతే లంగరెత్తి లోతు నీళ్లలోకి పోతాడు. పడవవాడు ఎక్కడికి పోతాడు?

ఇప్పుడు టీవీలో "కాకినాడలో మూడో నంబరు ప్రమాద సూచిక" అని చదువుతారు చూడండి, ఆ నంబరు వెనక ఉన్నవి కూడా కొయ్యకి ఎత్తే వస్తువులే. పగలు శంకువులు, పీపాల ఆకారాలు. రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు. నేను చేరిన కొత్తలో గాలిలో పీపా ఎత్తబోతే తాడు జారి నా మోకాలి మీద పడింది. వర్షం వచ్చే ముందు ఇప్పటికీ అక్కడ సలుపుతుంది. వాతావరణ శాఖ వాళ్లకంటే నా మోకాలు ముందు చెప్తుంది.

మీది తాళ్లరేవు అన్నారు గనక ఇంకో మాట. పక్కనే కోరంగి. ఒకప్పుడు ధోనీలు, ఓడలు కట్టిన ఊరు. 1839 నవంబరు తుఫానులో సముద్రం ఊరి మీదికి వచ్చింది. తర్వాత మేట వేసి రేవు మూసుకుపోయింది, వ్యాపారం కాకినాడకి మళ్లింది. 1864 నవంబరు 1న మచిలీపట్నంలో ఉప్పెన ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుంది. తుఫాను కబురు ముందే అందాలన్న తొందర సర్కారుకి పుట్టింది ఇలాంటివి చూశాకే. వాతావరణ శాఖ పుట్టింది 1875లో. మీ ఊళ్లో ఆ కాగితాన్ని మూతకి అతికించుకున్న మనిషి టోల్‌గేటు కోసమే అతికించుకున్నాడని నేననుకోను. మీ ఇంట్లో ధోనీ ఉండేదా?

తాళ్లరేవు_పిల్ల:

డి.టి. గారూ, చూశానండీ! కాగితం అడుగున రెండు వేళ్ల వెడల్పు లోపలికి మడిచి ఉంది. దాన్ని అంతదాకా అంచు అనుకున్నాను. అట్లకాడ మొనతో మెల్లగా లేపాను (అమ్మ తిట్టింది). అక్కడ లంక భూముల కౌలు పాట గురించి నాలుగు పంక్తులున్నాయి. "వచ్చే జూలై మొదలు" అన్న మాట తేటగా ఉంది. దాని ముందు "ఫసలీ ౧౩౦" అని మూడంకెలు, నాలుగో అంకె చోట గుండుసూది పట్టేంత కన్నం. తెలుగు అంకెలని తెలీక ముందు దాన్ని "గ౩ం" అని చదివి నవ్వుకున్నాను.

రేవు మనిషి గారూ, ధోనీ సంగతి అమ్మని అడిగాను. మా తాతగారి మేనత్త ఎప్పుడూ "వాటా పడవ" అని ఏదో అనేదట. ఎవరి వాటానో, ఏ పడవో ఆమెతోనే పోయింది.

రిటైర్డ్_డి.టి.:

అట్లకాడ! సరే, కాగితం బతికింది గనక ఊరుకుంటున్నాను.

లెక్క చెప్తాను, అందరూ చూడండి. ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఏ ఏడు జూలైలో మొదలైందో దాంట్లోంచి 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. ౧౩౦ తర్వాత సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదైనా ఉండొచ్చు. అంటే 1890 జూలై నుంచి 1899 జూలై దాకా మొదలైన ఫసలీలు.

ఇప్పుడు మార్చి 5 సోమవారం. 1888–1903 మధ్య అది మూడుసార్లే వచ్చింది: 1888, 1894, 1900. వచ్చే జూలై అన్నారు గనక 1888 అయితే ఫసలీ 1298 కావాలి. 1900 అయితే 1310. రెంటిలోనూ ముందు మూడంకెలు ౧౩౦ కావు. 1894 జూలైకి 1304. ఆ కన్నంలో ఉన్నది నాలుగు. కాగితం 1894 ఫిబ్రవరి ప్రాంతానిది.

నాణేల_పిచ్చి:

పందెం ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. ఓ విక్టోరియా కానీ మీ పేర పక్కన పెట్టాను డి.టి. గారూ. 1894ది దొరుకుతుందేమో డబ్బాలో వెతుకుతాను.

పాత_రేవు_మనిషి:

అమ్మాయిగారూ, రెండో ప్రకటన పక్కన మార్జిన్‌లో పెన్సిలు గీతలు ఏవైనా ఉన్నాయేమో చూడండి. పడవల వాటాదారులు ఎన్నిసార్లు గుండు ఎత్తారో గీతలు గీసుకోవడం మా పెదనాన్న దగ్గర చూశాను. తిన్నగా వేసే వెలుగులో కనబడవు, టార్చి పక్కనించి ఏటవాలుగా పట్టాలి.

తాళ్లరేవు_పిల్ల:

1894! అమ్మకి చెప్తే ముందు నమ్మలేదు, తర్వాత పక్కింటివాళ్లకి ఫోను చేసి చెప్పింది.

గీతల సంగతి ఇప్పుడే చూశానండీ. రెండో ప్రకటన పక్కన ఏదో ఉంది, అయిదో ఆరో నిలువు గీతలు. చెద మరకలో, పెన్సిలో ఫోను వెలుగులో తేలడం లేదు. ఇక్కడ సాయంత్రం నుంచి కరెంటు లేదు. రేపు పగలు మూతని వీధరుగు మీదికి తెప్పించి, ఫొటో తీసి పెడతాను.