టూకాన్‌ని అపార్ట్‌మెంట్‌లో పెంచొచ్చా? (విజయవాడ)

పటమట_పవన్: పక్షుల కొట్టాయన ఒకరు కీల్ బిల్డ్ టూకాన్ ఇప్పిస్తానంటున్నాడు. పసుపు రొమ్ము, ఆకుపచ్చ ముక్కు, కొసన ఎరుపు. చూస్తే మతి పోతోంది. మా ఆవిడ కూడా సరేనంది. బాల్కనీకి మెష్ కొట్టిస్తే చాలా?

బ్రాడీపేట_మాష్టారు: చాలదు. దక్షిణ మెక్సికో నుంచి కొలంబియా, వెనిజులా దాకా పల్లపు వానాడవుల్లో గుంపుగా తిరిగే పక్షి అది. బెలీజ్‌కి జాతీయ పక్షి. మన మే నెలలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, అంత బరువు ముక్కేసుకుని మీ బాల్కనీలో ఏమైపోతుంది?

పటమట_పవన్: ముక్కు బరువేమీ కాదు మాష్టారూ. లోపలంతా బోలు, సన్నటి ఎముక పుల్లలు.

బ్రాడీపేట_మాష్టారు: నేనన్నది ఆ బరువు కాదు.

పటమట_పవన్: మరేది? పైన రాసింది మీరే కదా! అసలు ఆ ముక్కే దాని ఏసీ. టోకో అనే ఇంకో రకం టూకాన్ల మీద 2009లో పరిశోధన వచ్చింది. వేడెక్కితే ముక్కులోకి రక్తం పంపి వేడి వదిలేస్తాయి.

బ్రాడీపేట_మాష్టారు: బయట 44 డిగ్రీలుంటే ఆ వేడి ఎటు వదులుతుంది నాయనా? గాలి ఒంటికన్నా చల్లగా ఉండాలిగా.

కృష్ణలంక_కిట్టు: పాపికొండల్లో ఉండేది ఇదేగా?

మంగళగిరి_వెట్: కాదండీ, అది హార్న్‌బిల్. టూకాన్‌కి చుట్టం మన టంకు టంకు కంసాలి పిట్ట. పవన్ గారూ, కొన్నా కొనకపోయినా ఒకటి వినండి. పంజరంలో టూకాన్లకి ఒంట్లో ఐరన్ పేరుకుని కాలేయం పాడవుతుంది. బత్తాయి, నారింజ పెడితే ఐరన్ ఇంకా ఎక్కువ ఒంటికి పడుతుంది. బొప్పాయి నయం. ఇలాంటి విదేశీ జీవుల మీద కేంద్రం తెచ్చిన 2024 నిబంధనల ప్రకారం పరివేష్ అనే పర్యావరణ శాఖ పోర్టల్‌లో నమోదు కూడా ఉండాలి. కొట్టు బిల్లు పనికిరాదు.

పటమట_పవన్: చూశారా, నమోదు చేస్తే చట్టం ఒప్పుకుంటుంది!

బ్రాడీపేట_మాష్టారు: ఒప్పుకుంటుంది, ఎందుకు ఒప్పుకోదు! మా అమ్మ రామచిలకను పదకొండేళ్లు సాకింది. ఎవరో ఫిర్యాదు చేస్తే అధికారులొచ్చి పంజరంతో సహా పట్టుకుపోయారు. వసారాలో ఆ కొక్కెం ఇంకా అలాగే ఉంది. పెరటి చిలకను పెంచితే నేరం, లక్షలు పోసి పరాయిదేశం పక్షిని తెస్తే ఆన్‌లైన్‌లో ఒక ఫారమా?

పటమట_పవన్: అంటే మీ గొడవ ఎండ గురించి కాదన్నమాట.

బ్రాడీపేట_మాష్టారు: ఎండ గురించీనూ.

కృష్ణలంక_కిట్టు: 😂

మంగళగిరి_వెట్: మాష్టారూ, అమ్మగారి బాధ అర్థమైంది. కానీ చిలక పిల్లల్ని తొర్రల్లోంచి లాగి అమ్ముతారు, అందుకే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం అడ్డుపడింది. టూకాన్ కూడా తొర్రలోనే గుడ్లు పెడుతుంది. మీ ఇద్దరిలో ఒక్కరైనా ఇది ఏ తొర్రలోంచి వచ్చిందని అడిగారా?

బ్రాడీపేట_మాష్టారు: నేను కొనడం లేదు, నన్నెందుకు అడుగుతారు?

పటమట_పవన్: ఇప్పుడే కొట్టాయనకి ఫోన్ చేశాను. నమోదు కాగితం చూపించమంటే ‘ముందు అడ్వాన్సు వేయండి సార్, అన్నీ వస్తాయి’ అన్నాడు.

బ్రాడీపేట_మాష్టారు: వేశారా?