కరెంటే లేనిచోట ఆర్ (గణాంకాలు కట్టే కంప్యూటరు భాష) నేర్పడం ఎందుకు?

బరంపురం మాస్టారు:
2025 మే 7న గోపాల్‌పూర్‌లో యుద్ధం వస్తే ఏం చేయాలో చూపించే మాక్ డ్రిల్ జరిగినప్పటి నుంచి, యుద్ధంలో చదువులెలా అని ఇదే ఆలోచన. ఉక్రెయిన్‌లో 2022 అక్టోబరు నుంచి కరెంటు కేంద్రాల మీద వరుసగా దాడులు. అలాంటి చోట స్టాటిస్టిక్స్ పిల్లల్ని ఆర్ ముందు కూర్చోబెట్టడం మొండితనం కాదా? కాలిక్యులేటరు, గ్రాఫ్ పేపరు చాలవా?

పర్లాకిమిడి:
మాస్టారూ, 2018లో తిత్లీ తుఫానుకి మా ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు. పక్కింటి జనరేటరు దగ్గర లాప్‌టాప్ చార్జ్ చేసుకునేదాన్ని. నెట్‌లో దాచుకున్న ఫైళ్లు ఒక్కటీ అందలేదు, మిషన్‌లో ఉన్న ఆర్ మాత్రం హాయిగా తెరుచుకుంది. ఆర్‌కి అదనపు పనులు నేర్పే ప్యాకేజీల దగ్గరే చిక్కు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదొకటి పెడితే ఇంకో మూడు కావాలంది, పెళ్లికి ఒకర్ని పిలిస్తే చుట్టాలందర్నీ వెంటేసుకొచ్చినట్టు! అన్నీ ముందే దించుకోవాలి.

జయపురం కుర్రాడు:
తుఫాను నాలుగు రోజులక్కా, యుద్ధం ఏళ్లు. ఊరొదిలి పోలండ్ వెళ్లిపోయిన పిల్ల దగ్గర లాప్‌టాప్ ఉంటుందా? ఫోనే. బ్రౌజర్‌లో నడిచే ఆర్ అయితే ఎక్కడున్నా క్లాసుకి రావచ్చు.

పర్లాకిమిడి:
ఫోన్ సంగతి ఒప్పుకుంటాను. కానీ మాస్టారి కాలిక్యులేటరుకి నా అభ్యంతరం వేరే. ఆర్‌తో పాటే వచ్చే ఎయిర్‌క్వాలిటీ (గాలి నాణ్యత) డేటా తీయండి. 153 రోజుల లెక్క, ఓజోన్ నిలువు వరసలో 37 గడులు ఖాళీ. సగటు అడిగితే అంకె ఇవ్వదు, ఎన్‌ఏ అంటుంది, అంటే విలువ లేదని. ఖాళీలు తీసేయమని మనం చెబితేనే లెక్క కడుతుంది. అక్కడ ఆగాలి పిల్లలు. యుద్ధంలో సర్వే చేస్తే ఎవరి గడులు ఖాళీగా ఉంటాయి? బాంబులు పడ్డ ఊళ్లవే, ఫోన్ ఎత్తేవాళ్లు లేనివే. వాటిని తీసేసి సగటు కడితే దేశమంతా క్షేమంగా కనిపిస్తుంది. పైగా ఉక్రెయిన్‌లో చివరి జనగణన 2001లో జరిగింది, సరిచూసుకోవడానికి కొత్త లెక్కే లేదు. కాలిక్యులేటరులో ఖాళీ గడి అనేదే ఉండదు, మనం కొట్టినవే కూడుతుంది.

జయపురం కుర్రాడు:
ఇది మా సార్ ఎప్పుడూ చెప్పలేదు. తీసేయమనే చెప్పారు, మార్కులు కూడా వేశారు.

బరంపురం మాస్టారు:
నేనూ అలాగే చెప్పానమ్మా, దాచడం ఎందుకు. గ్రాఫ్ పేపరు మాత్రం వదలను, కరెంటు పోయిన గంటలో అదే దిక్కు. ఆ ప్యాకేజీల ఫోల్డరు మొత్తం కావాలి. మా ల్యాబ్‌లో పాత మిషన్లు, 4 జీబీ ర్యామ్. నడుస్తుందా?